మేకప్ మరక: ముందు నూనె, తర్వాతే రంగు

పెండ్లిలో ఎవరో ఆప్యాయంగా దగ్గరికి తీసుకుంటారు, తెల్లచొక్కా భుజం మీద లిప్‌స్టిక్ గీత పడుతుంది. ఇంటికి రాగానే ఆ చోటు తడిపి, బట్టల సబ్బు రాసి, బండ మీద వేసి రుద్దుతారు. గీత పలచబడుతుంది. పర్వాలేదు, పోయింది అనుకుని ఎండలో ఆరేస్తారు, మర్నాడు ఇస్త్రీకి ఇస్తారు. తిరిగొచ్చిన చొక్కాలో గీత ఉన్న చోట అరచేతి వెడల్పున లేత గులాబీ మచ్చ ఉంటుంది, దాని చుట్టూ జిడ్డు అంచు కూడా. అప్పటికి ఆ చొక్కా ఇంట్లో వేసుకోవడానికే పనికొస్తుంది.

ఇందులో చేసిన ప్రతి పనీ మామూలు మురికికి సరైనదే. దుమ్ము, చెమట, బురద అలాగే పోతాయి. మేకప్‌కు మాత్రం ఈ వరస మొత్తం తలకిందులు. నీళ్లతో మొదలుపెట్టడం, రుద్దడం, వేడి తగిలించడం, ఈ మూడూ మరకను దారాల్లోకి దించే పనులు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో వీటికి బోరు నీళ్లు కూడా తోడవుతాయి. మరక మొండిది అయ్యేది చాలాసార్లు పడిన క్షణంలో కాదు, ఉతికిన తర్వాత. కాబట్టి ఏం రాయాలి అనే ప్రశ్న కన్నా ముందు తెలుసుకోవాల్సింది అసలు బట్ట మీద ఏం పడింది అని.

మరకలో ఏముంది

లిప్‌స్టిక్‌లో ప్రధానంగా ఉండేవి మైనం, నూనె, రంగు. మైనం తేనెపట్టుది కావచ్చు, కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసింది కావచ్చు. నూనె చాలా రకాల్లో ఆముదమే. కర్నూలు మెట్ట పొలాల్లో పండే ఆముదం చిక్కగా, జిగటగా ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. పెదవి మీద రంగు నిలబడడానికి ఆ జిగటే పనికొస్తుంది, బట్ట మీద ఇబ్బంది పెట్టేదీ అదే. ముఖానికి పూసే చర్మపురంగు క్రీము ఫౌండేషన్‌లో సిలికోన్ నూనెలు, కొంత నీరు, టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి, ఐరన్ ఆక్సైడ్లు ఉంటాయి. మన చర్మపు రంగుకు సరిపోయేలా కనిపించే పసుపు, ఎరుపు, గోధుమ ఛాయలన్నీ ఈ ఐరన్ ఆక్సైడ్లవే. తుప్పు, కావిమట్టి కూడా ఆ కుటుంబానివే. కాంపాక్ట్ పౌడర్లలో ఎక్కువ భాగం టాల్క్ ఉంటుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు గనుల్లో తవ్వే బలపం రాయిని మెత్తగా నూరితే వచ్చేది అదే. మస్కారాలో మైనంతో పాటు నల్లటి కార్బన్ పొడి గానీ నల్ల ఐరన్ ఆక్సైడ్ గానీ ఉంటుంది. ఇంట్లో పట్టిన కాటుక అయితే దీపం మసి, దానికి కలిపిన ఆముదమో నెయ్యో.

ఈ జాబితా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఫౌండేషన్, కాటుక, మస్కారా రంగులు నిజానికి సన్నటి రాతిపొడి, మసి లాంటివి. అవి దారంలో ఇంకవు. నూనెలో చిక్కుకుని, ఆ నూనెతో పాటు దారాల మధ్య ఇరుక్కుంటాయి. నూనెను కదిలిస్తే పొడి కూడా దానితో బయటికి వస్తుంది. బ్లీచ్ పోసినా ఈ రంగు పోదు. బ్లీచ్ చేసేది రంగు అణువులను విరగ్గొట్టడం. తుప్పు లాంటి ఖనిజాన్ని, మసిని అది ఏమీ చేయలేదు. ఫౌండేషన్ మరక మీద బ్లీచ్ పోసి, పోలేదని ఇంకాస్త పోసి, చివరికి బట్టను పలచన చేసుకునే వాళ్లు ఎంతోమంది. డబ్బూ పోతుంది, బట్టా పోతుంది, మరక మాత్రం ఉంటుంది.

కుంకుమ, పసుపు, గోరింటాకు, పెదాలకు రాసే లిప్ టింట్ వేరే జాతి. వీటి రంగు నిజంగానే దారానికి పడుతుంది, అద్దకం లాగా. ఇక్కడ నూనె తీయడం సగం పనే, రంగును విరగ్గొట్టే పని మిగిలి ఉంటుంది. ఎర్ర లిప్‌స్టిక్‌లలో రెండూ కలిసి ఉండవచ్చు, కాబట్టే జిడ్డు పోయాక కూడా కొన్నిసార్లు గులాబీ నీడ మిగులుతుంది.

మూడో జాతి ఎండిపోయి పొరలా గట్టిపడేవి. మాట్ లిక్విడ్ లిప్‌స్టిక్, వాటర్‌ప్రూఫ్ మస్కారా, గోళ్ల రంగు ఇందులోకి వస్తాయి. ఇవి రాసేటప్పుడు ద్రవంగా ఉంటాయి, అందులోని ఆవిరయ్యే భాగం పోగానే రబ్బరు లాంటి పొర మిగులుతుంది. నీళ్లు, సబ్బు ఆ పొరను తాకి వెనక్కి వస్తాయి. ముఖం మీద ఏది దేనితో వదులుతుందో బట్ట మీద కూడా దానితోనే వదులుతుంది. కాబట్టి వాటర్‌ప్రూఫ్ మేకప్ తీయడానికి వాడే రెండు పొరల మేకప్ రిమూవర్ ఇంట్లో ఉంటే, మరక మీద ముందు ప్రయత్నించాల్సింది అదే. కాలికి తారు అంటితే కొబ్బరినూనెతో తుడిచే తర్కమే ఇది.

నీళ్ల సంగతి

రాయలసీమలో బోరు వేసిన ఏ ఇంట్లో చూసినా బకెట్ల అంచున తెల్లటి పొర, గీజర్‌లో పేరుకున్న సున్నం కనిపిస్తాయి. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. కానీ సబ్బు దృష్టిలో 200 అంటే అప్పటికే బాగా కఠినమైన నీళ్లు. తాగడానికి ఇబ్బంది లేని నీళ్లు కూడా ఉతుక్కోవడానికి ఇబ్బంది పెట్టవచ్చు.

సబ్బు కొవ్వుతో చేసేది. కఠినమైన నీళ్లలో అది కాల్షియంతో కలిసి, కరగని బూడిదరంగు తెట్టుగా మారుతుంది. బకెట్ చుట్టూ అంటుకునేది ఆ తెట్టే. మేకప్ మరక విషయంలో దీని దెబ్బ రెండింతలు. సబ్బులో సగం తెట్టుకే పోతుంది కాబట్టి నూనెను లాగే బలం తగ్గుతుంది, ఇది మొదటి నష్టం. రెండోది ఎవరూ గమనించనిది. మరక నుంచి వదిలిన రంగుపొడిని ఆ తెట్టు పట్టుకుని, మళ్లీ బట్ట మీదే వేరే చోట అంటిస్తుంది. తెల్ల దుపట్టా మీద ఒక చోట ఉన్న ఫౌండేషన్ ఉతికాక మొత్తం మసకగా, మట్టిరంగు పడినట్టు కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

పరిష్కారం కష్టమైనదేమీ కాదు. మరక తీసే పనికి కావాల్సింది ఒకటి రెండు గ్లాసుల నీళ్లే. తాగడానికి తెచ్చుకునే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు ఆ మాత్రం వాడితే నష్టం లేదు. కర్నూలు లాంటి చోట మున్సిపల్ కొళాయిలో తుంగభద్ర నీళ్లు వస్తాయి, అవి బోరు నీళ్ల కన్నా ఎంతో మేలు. రెండూ వచ్చే ఇంట్లో మరకల వరకైనా కొళాయి నీళ్లే వాడాలి. కడ్డీ సబ్బు బదులు గిన్నెలు తోమే లిక్విడ్ వాడడం ఇంకా మంచిది. అది సబ్బు జాతి కాదు, డిటర్జెంట్. కఠినమైన నీళ్లలో తెట్టు కట్టదు, జిడ్డును లాగడానికే తయారైంది. రంగు లేని రకం దొరికితే తెల్ల బట్టలకు అదే తీసుకోవాలి.

పాతకాలంలో చాకిరేవుల్లో చౌడుమట్టి వాడింది ఊరికే కాదు. చౌడులో సోడా ఉంటుంది. అది కాల్షియాన్ని నీళ్లలోంచి విడగొడుతుంది, జిడ్డును కూడా కోస్తుంది. కొట్లో దొరికే వాషింగ్ సోడా చేసే పని కూడా అంతే. నూలు బట్టలు నానబెట్టే బకెట్‌లో ఒక చెంచా వేస్తే బోరు నీళ్ల తీరు మారుతుంది. పట్టుకూ ఉన్నికీ మాత్రం దీన్ని దగ్గరికి రానివ్వకూడదు.

బోరు నీళ్లలో ఇనుము ఉన్న చోట్ల ఇంకో వింత మరక కనిపిస్తుంది. చొక్కా కాలర్, జాకెట్టు మెడ, చేతుల అంచుల్లో నారింజ, పసుపు కలిసిన మచ్చలు వస్తాయి. వేసుకున్నప్పుడు ఏమీ ఉండదు, ఉతికాకే బయటపడుతుంది. చాలామంది చెమట అనుకుంటారు, పసుపు అనుకుంటారు. చాలా సందర్భాల్లో అది సన్‌స్క్రీన్. ఎండను ఆపడానికి సన్‌స్క్రీన్లలో, ఎస్‌పీఎఫ్ రాసి ఉన్న కొన్ని ఫౌండేషన్లలో, బీబీ క్రీముల్లో అవోబెంజోన్ అనే పదార్థం ఉంటుంది. అది నీళ్లలోని ఇనుముతో కలిసి తుప్పురంగు మరకగా మారుతుంది. నలభై డిగ్రీలు దాటే ఎండలకు సన్‌స్క్రీన్ రాసుకోక తప్పని ఊళ్లలో ఈ మచ్చలు మరింత ఎక్కువ. దీని మీద క్లోరిన్ బ్లీచ్ పోస్తే ఇంకా ముదురుతుంది. ఇనుమును పట్టి లాగేది పులుపు. తెల్ల నూలు బట్టయితే ముందు గిన్నెల లిక్విడ్‌తో జిడ్డు తీసి, తర్వాత నిమ్మరసం పిండి కాసేపు ఉంచి, క్యాన్ నీళ్లతో కడగాలి. రంగు బట్ట మీద నిమ్మరసం రంగును కూడా లేపవచ్చు, లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి చూసుకోవాలి.

చేయాల్సిన వరస

మరక పడిన వెంటనే చేతికి దొరికిన తడి గుడ్డతో తుడవాలనిపిస్తుంది. ఆ పని ఆపుకుంటే సగం గెలిచినట్టే. ముందు పైన పేరుకున్నదాన్ని తీసేయాలి. చెంచా అంచుతోనో, ఏటీఎం కార్డు అంచుతోనో, బయటి నుంచి మధ్యకు మెల్లగా గీకాలి. మధ్య నుంచి బయటికి గీకితే మచ్చ పెరుగుతుంది. కాంపాక్ట్, ఐషాడో లాంటి పొడి పడితే వేలు కూడా పెట్టకూడదు. బట్ట దులిపి, ఊది, మిగిలింది సెల్లోటేప్‌తో అద్ది తీసుకుంటే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. వేలితో తుడిస్తే చేతి జిడ్డు కలిసి, లేని మరకను మనమే చేసినట్టవుతుంది.

జిడ్డు మరకైతే దాని మీద టాల్కమ్ పౌడర్ దట్టంగా చల్లి అరగంట వదిలేయాలి. సన్నటి పొడి నూనెను పీలుస్తుంది. శనగపిండి కూడా పీలుస్తుంది కానీ తెల్లబట్ట మీద తన పసుపుదనం వదలవచ్చు. పొడి దులిపాక, ఇంకా తడి తగలని బట్ట మీదనే గిన్నెల లిక్విడ్ చుక్క వేసి వేలి కొనతో మెల్లగా అద్దాలి. తడి తగలకముందే అనేది ముఖ్యం. దారాల సందుల్లో నీళ్లు నిండిపోతే లిక్విడ్ పలచబడి నూనెను చేరదు. పది నిమిషాలు ఆగాక మరక ఉన్న వైపు కిందికి వచ్చేలా బట్టను ఒక తెల్లటి పాత గుడ్డ మీద బోర్లించి, వెనక నుంచి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ అద్దాలి. వచ్చిన దారినే మరకను వెనక్కి పంపడం దీని ఉద్దేశం. ముందు నుంచి పోస్తే రంగు బట్ట మందం మొత్తం దాటుకుని వెళ్లాలి. కింది గుడ్డకు రంగు అంటుతుంటే శుభ్రంగా ఉన్న చోటికి జరుపుతూ ఉండాలి. రంగు గుడ్డ గానీ, పూలు అచ్చేసిన టిష్యూ గానీ వాడితే వాటి రంగే దిగుతుంది.

ఒక్కసారికే మొత్తం పోవాలనే తొందర వద్దు. రెండు మూడు విడతల్లో పోయేది బట్టకు కూడా మంచిది. రుద్దితే పోతుందనే నమ్మకం మన దగ్గర చాలా గట్టిది, దానికి కారణం బండ మీద ఉతికే అలవాటు. మేకప్ విషయంలో రుద్దడం వల్ల పొడి దారపు పోగుల్లోకి వెళ్లి కూర్చుంటుంది, బట్ట నూగు లేస్తుంది, ఆ నూగు మరకను ఇంకా ఎత్తి చూపిస్తుంది.

లిప్‌స్టిక్ బాగా ఎండిపోయి, లిక్విడ్‌కు లొంగకపోతే నూలు బట్ట మీద ఒక చుక్క కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ రాసి కాసేపు ఉంచడం పనిచేస్తుంది. గట్టిపడిన మైనం నూనెలో మెత్తబడుతుంది. ఆ తర్వాత రెండింటినీ కలిపి గిన్నెల లిక్విడ్‌తో తీయాలి. జిడ్డు మీద జిడ్డు ఏమిటని అనుమానం రావచ్చు, కానీ మైనాన్ని కదిలించే మార్గాల్లో బట్టకు హాని లేనిది ఇదే. గులాబీ నీడ మిగిలితే అప్పుడు స్పిరిట్ గానీ హ్యాండ్ శానిటైజర్ గానీ దూదితో అద్దాలి. ఒకప్పుడు హెయిర్ స్ప్రే కొట్టమనే చిట్కా ఉండేది. అందులో పనిచేసింది ఆల్కహాలే. మిగతా జిగురు అంతా బట్టకే అంటుకుంటుంది కాబట్టి స్పిరిట్ ఉండగా స్ప్రే అవసరం లేదు. టూత్‌పేస్ట్ చిట్కా కూడా మంచిది కాదు. దానిలోని గరుకుపొడి దారాన్ని అరగదీస్తుంది.

ఇక్కడ బట్ట రకం కూడా చూసుకోవాలి. ఫ్యాన్సీ చీరలు, జార్జెట్, షిఫాన్ పేరుతో వచ్చేవాటిలో ఎక్కువ పాలిస్టరే. పాలిస్టర్‌కు నీళ్లంటే పడదు, నూనె అంటే ఇష్టం. నూలు బట్టలో తేలిగ్గా వదిలే ఫౌండేషన్ పాలిస్టర్‌లో పట్టుకుని కూర్చుంటుంది. ఓపిగ్గా లిక్విడ్ రాసి ఎక్కువసేపు ఉంచడం తప్ప దగ్గరి దారి లేదు. పాలిస్టర్ మీద మరకను మర్నాటికి వదిలేయకూడదు.

వాషింగ్ మెషీన్ పౌడర్ ప్యాకెట్ల మీద ఎంజైమ్‌లని రాసి ఉంటుంది. వాటిలో కొవ్వును విరిచే లైపేజ్ కూడా ఉండవచ్చు. అది సాంబారు మరకలోని నూనెను, నెయ్యిని విరుస్తుంది. మైనాన్ని, సిలికోన్‌ను ఏమీ చేయలేదు. ఫౌండేషన్ పడిన బట్టను నేరుగా మెషీన్‌లో వేసి, పౌడర్ చూసుకుంటుందని వదిలేస్తే నిరాశే.

ఆరబెట్టడం దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. తడిబట్టలో జిడ్డు కనిపించదు, మరక పోయిందనే అనిపిస్తుంది. అందుకని మొదట నీడలో ఆరేసి, వెలుతురులో చూసుకోవాలి. ముదురు మచ్చ కనిపిస్తే నూనె ఇంకా ఉన్నట్టే, మళ్లీ మొదటి నుంచి. పూర్తిగా పోయిందని తేలేదాకా ఎండకూ ఇస్త్రీకీ పంపకూడదు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కార్నౌబా మైనానికి 80 దాటాలి. నూలు బట్టకు పెట్టే ఇస్త్రీ వేడి సుమారు 200 డిగ్రీలు. ఆ వేడికి మైనం పూర్తిగా కరిగి ప్రతి పోగులోకీ పాకి, చల్లారి అక్కడే గట్టిపడుతుంది. ఇస్త్రీ బండి ఆయనకు మరక సంగతి తెలియదు. ఆ బట్ట మూటలో వేయకుండా ఆపాల్సింది ఇంట్లోవాళ్లే.

పసుపు, పారాణి, గోరింటాకు

మన పెండ్లి బట్టల మీద పడేది అంగట్లో కొన్న మేకప్ ఒక్కటే కాదు. నలుగు పసుపు, కుంకుమ, పారాణి, గోరింటాకు కూడా అలంకరణే, వాటి మరకలు ఇంకా చిత్రమైనవి.

పసుపు మరకకు సబ్బు రాయగానే ఎర్రగా మారుతుంది. చూసినవాళ్లు బట్ట పాడైపోయిందని కంగారుపడి బ్లీచ్ తెస్తారు. అక్కర్లేదు. పసుపులోని కుర్కుమిన్ అనే రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపు అవుతుంది. బట్టల సబ్బు క్షారం కాబట్టి ఆ ఎరుపు. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేది కూడా ఇదే. సంప్రదాయంగా చేసే కుంకుమకూ ఆ ఎరుపు అలాగే వస్తుంది. బజారులో దొరికే చాలా కుంకుమల్లో ఇప్పుడు కృత్రిమ రంగులు ఉంటున్నాయి, అవి సబ్బుకూ ఎండకూ అంత తేలిగ్గా లొంగవు.

నూలు బట్ట మీది పారాణికి ముందు నిమ్మరసం కలిపిన నీళ్లు పోస్తే సున్నం విరిగి మరక పసుపుగా మారుతుంది. తర్వాత లిక్విడ్ పెట్టి కడిగి, తడిగా ఉండగానే ఎండలో వేయాలి. ఇంతకుముందు ఎండ వద్దని చెప్పినదానికి ఇది విరుద్ధంగా అనిపించవచ్చు. కుర్కుమిన్ వెలుతురులో నిలవదు, ఎండకు విరిగిపోతుంది. రాయలసీమ ఎండ ఈ ఒక్క విషయంలో మనకు పెద్ద సాయం, ఒకటి రెండు రోజుల్లో పసుపు ఛాయ తేలిపోతుంది. షరతు ఒక్కటే, ఆ మరకలో నూనె ఉండకూడదు. నలుగుపిండిలో నువ్వులనూనె కలిపి ఉంటే ముందు నూనె తీసి, ఆ తర్వాతే ఎండకు చూపించాలి.

ఎండ కూడా సరిపోని రంగు నీడలకు, తెల్ల నూలు బట్టల మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడవచ్చు. మందుల షాపుల్లో దొరికేది సాధారణంగా 6 శాతం ద్రావణం, దానికి సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది, మరకలకు అది చాలు. నీళ్లలో కలిపితే పెరాక్సైడ్ వదిలే ఆక్సిజన్ బ్లీచ్ పొడులు గోరువెచ్చటి నీళ్లలో బాగా పనిచేస్తాయి. క్లోరిన్ బ్లీచ్ జోలికి పోకపోవడమే మేలు. ఇనుము ఉన్న బోరు నీళ్లలో అది కరిగి ఉన్న ఇనుమును తుప్పుగా మార్చి తెల్లబట్టను పసుపు చేస్తుంది, పట్టును తినేస్తుంది. క్లోరిన్ బ్లీచ్‌ను నిమ్మరసంతో, వెనిగర్‌తో, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. గాలి ఆడని చిన్న బాత్‌రూమ్‌లో ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. ఒకటి పోశాక పనిచేయలేదని వెంటనే ఇంకోటి పోయడం ఎంత మామూలు అలవాటో తెలిసిందే, కాబట్టి మధ్యలో బట్టను బాగా కడగకుండా రెండో పదార్థం ముట్టుకోకూడదు.

గోరింటాకు రంగు లాసోన్ అనే పదార్థానిది. అది చర్మంలో, వెంట్రుకల్లో ఉండే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. చేయి పండడానికి కారణం అదే. పట్టు కూడా ప్రొటీనే కాబట్టి పట్టు మీద పడిన గోరింటాకు కూడా అలాగే పండుతుంది, దాదాపుగా పోదు. నూలు మీద పడితే వెంటనే గీకి, కడిగి, పెరాక్సైడ్ పెడితే చాలావరకు తగ్గుతుంది. తలకు వేసే నల్లరంగు బట్ట మీద పడి ఆక్సీకరణ చెందితే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు.

గోళ్ల రంగుకు ఎసిటోన్ ఉన్న రిమూవర్ పనిచేస్తుంది, నూలు మీద వెనక నుంచి దూదితో అద్దాలి. ఎసిటేట్ రకం బట్టను అది కరిగించేస్తుంది. లైనింగ్ బట్టలు, మెరిసే శాటిన్‌లలో కొన్ని అదే రకం, కాబట్టి కుట్టు లోపల చూసుకోకుండా వాడితే మరక స్థానంలో చిల్లు ఉంటుంది. స్పిరిట్ లాగే ఇది కూడా మండేదే, పొయ్యి దగ్గర వద్దు. ఇంట్లోనే పెట్రోల్ వాష్ చేసుకుందామని సీసాలో పెట్రోల్ తెచ్చుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎండాకాలంలో ఆ ఆవిరి గది నిండా పరుచుకుంటుంది, స్విచ్ వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. ఏ చీరా అంత విలువైనది కాదు.

పట్టు దగ్గర చేయి ఆపాలి

అనంతపురం వైపు పెండ్లి అంటే ధర్మవరం పట్టే. 2022లో జిల్లాలు విడదీశాక ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, ఆ చీరలు కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల బీరువాల్లోనూ ఉన్నాయి. వెడల్పాటి అంచు ఒక రంగు, ఒడలు ఇంకో రంగు, మధ్యలో జరీ. మరక తీయడంలో ఈ మూడూ మూడు ఇబ్బందులు. తడి తగిలితే ఒక రంగు ఇంకోదానిలోకి దిగవచ్చు. జరీలోని వెండికి, రాగికి పులుపు, బ్లీచ్ తగిలితే నల్లబడుతుంది. తడిసిన పట్టును రుద్దితే పోగులు చీలి తెల్లటి నూగు లేస్తుంది, ఆ మెరుపు తిరిగి రాదు. ఒక్క చోటే తడిపినా ఆరాక గుండ్రంగా నీటి మచ్చ మిగులుతుంది. సోడా, బట్టల సబ్బు, ఎంజైమ్ పౌడర్ మూడూ ప్రొటీన్ దారానికి చెరుపే.

కాబట్టి ఇంట్లో చేయదగ్గది పొడి పని మాత్రమే. పైపైన ఉన్నది గీకి, టాల్కమ్ పౌడర్ చల్లి, రాత్రంతా ఉంచి, మెత్తటి బ్రష్‌తో దులపాలి. కొత్త పొడి చల్లి ఇంకో రోజు ఉంచితే ఇంకొంత జిడ్డు వస్తుంది. జరీ లేని, ఒకే రంగు పట్టు అయితే పలచటి కుంకుడు రసం వాడవచ్చు. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్ సబ్బులా క్షారం కాదు, పట్టుచీరలకు కుంకుడుకాయ వాడాలని పెద్దవాళ్లు పట్టుబట్టేది సరైన మాటే. అయితే ఆ రసానికి తనదైన గోధుమరంగు ఉంటుంది, తెల్ల, లేత రంగు పట్టు మీద అది కూడా మరకే. చీరతో వచ్చిన జాకెట్టు గుడ్డ కుట్టించగా మిగిలిన ముక్క ఉంటే ముందు దాని మీద వేసి చూడాలి.

ఆ పైన డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాల్సిందే. ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి రెండు. మరక ఏమిటి, ఇంట్లో దాని మీద ఏం రాశారు. చెబితే తిడతారేమోనని, ఏమీ రాయలేదని చెప్పేవాళ్లు ఉంటారు. లిక్విడో నిమ్మరసమో రాసినట్టు తెలియకుండా డ్రైక్లీనింగ్ వాళ్లు వేడి పెడితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. ఆరు గజాల చీరలో చిన్న ఫౌండేషన్ మచ్చ వాళ్ల కంటికి కనపడకపోవచ్చు, ఆ చోట దూరదూరంగా రెండు కుట్లు వేసి నూలుపోగుతో గుర్తు పెట్టి ఇస్తే వెతుక్కోవాల్సిన పని ఉండదు. చీర తిరిగొచ్చాక కూడా మడతతోనే బీరువాలో పెట్టకుండా, విప్పి పగటి వెలుతురులో ఆ చోటు చూసుకోవాలి. అప్పుడు కంటికి ఆనని జిడ్డు మిగిలిపోతే, వచ్చే పెండ్లికి చీర తీసేసరికి పసుపుపచ్చ మచ్చగా బయటపడుతుంది.